కొత్త జబ్బా, పాత మాత్రా?

(కోయంబత్తూరులో తెలుగు క్రైస్తవ యువజనుల కూడికలో ఒక విశ్రాంత ఆసుపత్రి ఫార్మసిస్టు చేసిన ప్రసంగ పాఠం)

మందుల గురించి మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్ళు ఆసుపత్రి ఫార్మసీలో పనిచేశాను కాబట్టి పిలిచి ఉంటారు. కానీ ఈ విషయం నేను నేర్చుకున్నది కాలేజీలో కాదు, మా అవ్వ దగ్గర. ముందు ఆమె సంగతి చెబుతాను.

మా అవ్వ ఈ ఊళ్ళోనే వీధులు ఊడ్చి రిటైరయింది. రిటైరయ్యాక బీపీ ఉందని తేలింది. మాత్ర మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు "మైకంగా ఉంది పాపా" అనసాగింది. వీధి చివర క్లినిక్కులో చూపిస్తే తలతిరుగుడుకు ప్రోక్లోర్‌పెరజిన్ అనే మాత్ర రాశారు. అది కొద్దిరోజులు వేసుకుని ఆపేయాల్సిన మాత్ర. ఆపమని ఎవరూ చెప్పలేదు, కాబట్టి ఆగలేదు. నెలనెలా దాన్ని కొని తెచ్చి ఆమె చేతిలో పెట్టింది నేనే. అప్పటికి నేను ఫార్మసీ చదివి ఉద్యోగంలో ఉన్నాను.

ఏడాది తిరిగేసరికి అవ్వ చేతులు వణకడం మొదలైంది. ముఖంలో నవ్వు పోయింది. అడుగులు చిన్నవయ్యాయి. చూడవచ్చిన వాళ్ళు కొందరు వాతం అన్నారు, కొందరు ఎవరో ఏదో చేశారన్నారు. ప్రార్థనలు పెట్టించాం. అదే క్లినిక్కులో వణుకుడుకు ఇంకో మాత్ర రాశారు. దానితో నోరు ఎండిపోయింది, విరోచనం బిగిసింది, రాత్రిళ్ళు పలవరింతలు వచ్చాయి. మలబద్ధకానికి ఒకటి, నిద్రకు ఒకటి. ఒక్క మాత్రతో మొదలైన మనిషి రోజుకు ఐదు మింగుతోంది.

చివరికి ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక చిన్న డాక్టరమ్మ, "ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకు రండి" అంది. బల్లమీద కుమ్మరించి, ఏ మాత్ర ఎప్పుడు మొదలైంది, ఏ బాధ ఎప్పుడు మొదలైంది అని వరసగా రాసుకుంది. అవ్వను పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. నిలబడితే బాగా పడిపోతోంది. బీపీ మాత్ర మోతాదు తగ్గించింది. తలతిరుగుడు మాత్ర ఆపించింది. మిగతావి ఒక్కొక్కటే మెల్లగా తగ్గించింది. కొన్ని నెలలకు మా అవ్వ మళ్ళీ సూదిలో దారం ఎక్కించింది.

ఆమెకు కొత్త జబ్బేమీ రాలేదు. ఒక మాత్ర తెచ్చిన బాధను జబ్బనుకుని ఇంకో మాత్ర, అది తెచ్చిన బాధకు మరో మాత్ర. ఇలా గొలుసుకట్టుగా మందులు పెరగడాన్ని "ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్" అంటారు. పౌలా రోషాన్, జెర్రీ గుర్విట్జ్ అనే ఇద్దరు వైద్యులు 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీని గురించి రాశారు. నేను అది చదివింది అవ్వ లేచి తిరిగాక.

ఇవాళ మీరు ఇంటికి తీసుకుపోవాల్సిన మాట ఒక్కటే. కొత్త మందు మొదలయ్యాక కొత్త బాధ మొదలైతే, అది కొత్త జబ్బు అనుకునే ముందు, ఆ మందు వల్లనేమో అని అడగండి. మానేయమని చెప్పడం లేదు. అడగమని చెబుతున్నాను.

మూడు భాషల నడుమ మన మందు

ఆంధ్ర నుంచి, తెలంగాణ నుంచి వచ్చిన మిత్రులకు మా సంగతి కొంచెం చెప్పాలి. కోయంబత్తూరు, మదురై చుట్టుపక్కల తెలుగు మాట్లాడే కుటుంబాలు నిన్న మొన్న వచ్చినవి కావు. విజయనగర రాజుల కాలంలో, మదురై నాయకుల కాలంలో సైనికులుగా, రైతులుగా, నేతపనివారుగా, తోలుపనివారుగా వచ్చి నిలిచిపోయినవారు ఎందరో. 1606లో మదురైకి వచ్చిన రాబర్ట్ డి నొబిలి అనే ఇటలీ పాదిరి తమిళం, సంస్కృతంతోపాటు తెలుగు కూడా నేర్చుకున్నాడంటే, ఆ ఊళ్ళో తెలుగుకు ఎంత చోటుండేదో ఊహించుకోండి.

ఆ తెలుగువారిలో అట్టడుగున ఉన్నవాళ్ళం మేము, అరుంధతీయులం. ఈ రెండు నగరాల వీధులనూ కాలువలనూ శుభ్రం చేసేవారిలో మావాళ్ళు చాలామంది. 2009లో తమిళనాడు ప్రభుత్వం అరుంధతీయులకు షెడ్యూల్డు కులాల కోటాలో 3 శాతం లోపలి రిజర్వేషన్ ఇచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. చదువులకు తలుపు కాస్త తెరుచుకుంది. కానీ మందుల చీటీ దగ్గర మా అవ్వల కాలం ఇంకా పోలేదు.

ఎందుకంటే, మా ఇంట్లో మాట తెలుగు. బడిలో చదువు తమిళం. తెలుగు అక్షరాలు మాలో చాలామందికి రావు. మాత్రల అట్ట మీద రాత ఇంగ్లీషు. బాధ తెలుగులో పుడుతుంది, డాక్టరుకు తమిళంలో చెబుతాం, మందు ఇంగ్లీషులో వస్తుంది. ఈ మూడింటి మధ్య ఏదో ఒకటి జారిపోతుంది.

మా అవ్వ విషయంలో జారిపోయింది "మైకం" అనే మాట. తమిళంలో "మయక్కం" అంటే కళ్ళు తిరగడమూ అదే, సొమ్మసిల్లడమూ అదే. ఆంధ్రలో మైకం అంటే మత్తు. మా అవ్వ దృష్టిలో పొద్దున లేవగానే కళ్ళు బైర్లు కమ్మడం. విన్న డాక్టరు తలతిరుగుడు అనుకున్నాడు. ఎప్పుడొస్తుంది అని ఎవరూ అడగలేదు. ఇలాంటి మాటలు మనకు ఇంకా ఉన్నాయి. "వేడి చేసింది", "వాతం" అంటాం. ఈ మూడు మాటల చాటున మందుల దుష్ఫలితాలు ఏళ్ళ తరబడి దాక్కుంటాయి. ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

"మైకంగా ఉంది"

ఈ మాట వినగానే "ఎప్పుడు?" అని అడగండి. జవాబులో సగం కారణం ఉంటుంది.

పడుకుని లేచినప్పుడు, కూర్చుని నిలబడినప్పుడు వస్తుంటే బీపీ మాత్ర ఎక్కువై ఉండవచ్చు. ప్రోస్టేటు ఇబ్బందికి మగవాళ్ళకు ఇచ్చే టామ్సులోసిన్, ప్రాజోసిన్ లాంటివి కూడా ఇలా చేస్తాయి. నిలబెట్టి బీపీ చూడమని అడగండి.

తిండి ఆలస్యమైనప్పుడు చెమటలు, వణుకు, గుండె దడ, చిరాకుతో వస్తుంటే చక్కెర పడిపోయింది. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ వాడేవారిలో ఇది ఎక్కువ. మనిషి తెలివిలో ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంట చూసి, తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయవద్దు, 108కి ఫోన్ చేయండి. ఈ మాత్రల వల్ల పడిన చక్కెర ఒకసారి లేచినా కొన్ని గంటల తర్వాత మళ్ళీ పడవచ్చు. అందుకే తేరుకున్నా సరే, భోజనం పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

రోజంతా మత్తుగా, కళ్ళు మూతలు పడుతుంటే జలుబు మాత్ర చూడండి. క్లోర్‌ఫెనిరమైన్ ఉన్న జలుబు మాత్రలు, సెట్రిజిన్, ఆందోళనకు ఇచ్చే ఆల్‌ప్రజోలం అన్నీ నిద్ర తెస్తాయి. ఆటో నడిపేవాడికి, చెత్త లారీ వెనక నిలబడి వెళ్ళేవాడికి ఆ నిద్ర ప్రాణాంతకం. ఆల్‌ప్రజోలం మీద సారాయి పడితే ఊపిరే మందగిస్తుంది.

గది మొత్తం గిరగిర తిరిగితే అది చెవి లోపలి సమస్య కావచ్చు. అప్పుడే తలతిరుగుడు మాత్ర పనికొస్తుంది. అది కూడా కొద్దిరోజులే. ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్ లాంటివి నెలల తరబడి వాడుతున్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, వాళ్ళ చేతుల వంక, నడక వంక ఇవాళ సాయంత్రం ఒకసారి చూడండి.

"వేడి చేసింది"

నోరు పూసినా, కడుపు మండినా, ఒంట్లో దద్దుర్లు వచ్చినా మనకు ఒకే కారణం, వేడి. మజ్జిగ తాగి పడుకుంటాం. చాలాసార్లు అదే చాలు. కానీ కొన్నిసార్లు ఆ ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది.

కడుపులో మంట. గుండెకు ఆస్పిరిన్ వాడే మనిషి ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్ కూడా వేసుకుంటే, కడుపులో పుండు పడి రక్తం కారవచ్చు. విరోచనం తారులా నల్లగా, జిగటగా, చెడువాసనతో వస్తే అది రక్తమే. ఐరన్ మాత్రలతో కూడా విరోచనం నల్లబడుతుంది, కానీ అంత జిగట, అంత వాసన ఉండదు. అనుమానముంటే ఇంట్లో తేల్చుకోవద్దు, ఆసుపత్రికి వెళ్ళండి. వార్ఫారిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడేవాళ్ళు నొప్పి మాత్ర గానీ, మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్ లాంటి యాంటీబయాటిక్ గానీ అడగకుండా వేసుకోకూడదు.

నోటి పూత. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే మొదట కనిపించేది నోటి పూతే, తర్వాత ఎముకల మూలుగ దెబ్బతింటుంది. ఆ మందు వాడే ఇంట్లో "ఆదివారం మాత్ర" అనో "బుధవారం మాత్ర" అనో ఒక పేరు పెట్టుకోండి.

దద్దుర్లు. ఫిట్స్ మందులు కార్బమజెపైన్, ఫెనిటాయిన్, గౌట్ మందు అల్లోప్యూరినాల్, కోట్రైమాక్సజోల్ మొదలుపెట్టిన కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల లోపు జ్వరం, దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్ళు ఎర్రబడడం, చర్మం పొక్కులు లేవడం కనిపిస్తే అది వేడి కాదు, అమ్మవారు పోయడమూ కాదు. అదే రోజు పెద్దాసుపత్రికి. వెళ్ళేటప్పుడు మాత్రల అట్ట వెంట తీసుకెళ్ళండి.

ఆడపిల్లలకు ఒక మాట. నెలసరి నొప్పికి మీలో చాలామంది వేసుకునే మెఫెనమిక్ యాసిడ్ గురించి ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరు 30న హెచ్చరిక ఇచ్చింది. అరుదుగా కొందరిలో జ్వరం, దద్దుర్లు, గ్రంథుల వాపుతో మొదలై లోపలి అవయవాలను దెబ్బతీసే "డ్రెస్" అనే జబ్బు రావచ్చని. అరుదు అన్న మాట మరిచిపోవద్దు. భయపడమని కాదు, ఆ మాత్ర వేసుకున్న వారాల్లో అలాంటివి కనిపిస్తే డాక్టరుకు మాత్ర పేరు చెప్పమని.

ఎర్రటి మూత్రం. టీబీ మందు రిఫాంపిసిన్‌తో మూత్రం, చెమట నారింజ రంగులోకి మారతాయి. దాని వల్ల హాని లేదు. రక్తం పోతోందని భయపడి మందు మానేసినవాళ్ళను నేను చూశాను. మానేయడమే హాని. కానీ అదే టీబీ మందులతో కళ్ళు పచ్చబడినా, అన్నం సయించక వాంతులైనా, రంగులు సరిగ్గా కనబడకపోయినా ఒక్క రోజు కూడా ఆగకుండా కేంద్రానికి వెళ్ళాలి. రిఫాంపిసిన్ గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తుంది, చక్కెర మాత్రల్లో కొన్నింటి బలాన్నీ తగ్గిస్తుంది. పెళ్ళయిన అమ్మాయిలకు ఈ మాట సిగ్గుపడకుండా చెప్పాలి.

"వాతం"

కాళ్ళు వాచినా, తిమ్మిరెక్కినా, పిక్కలు పట్టేసినా, చేతులు వణికినా వాతమే మనకు.

బీపీకి ఎక్కువగా ఇచ్చే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చీలమండలు వాస్తాయి. కిడ్నీ పోయిందని బెంగపడతారు, లేదా నీరు తీసే మాత్ర రాయించుకుంటారు. ఆ మాత్రతో ఒంట్లో పొటాషియం తగ్గి పిక్కలు పట్టేస్తాయి. ఆ నొప్పికి ఇంకో మాత్ర. ఇదీ గొలుసే. ఎనాలప్రిల్ వల్ల పొడిదగ్గు వస్తుంది, ఒక్కోసారి నెలల తర్వాత. దగ్గు సిరప్పులు సీసాలకు సీసాలు తాగినా తగ్గదు, ఎందుకంటే దగ్గు గొంతులో లేదు, మాత్రలో ఉంది. రెండింటికీ మార్చి ఇవ్వగల మందులున్నాయి. కాకపోతే డాక్టరుకు చెప్పాలి.

ఎన్నో ఏళ్ళు మెట్‌ఫార్మిన్ వాడినవారికి బి12 విటమిన్ తగ్గి పాదాలు తిమ్మిరెక్కవచ్చు. అదంతా చక్కెర జబ్బు ఖాతాలో రాసేస్తారు. టీబీ మందు ఐసోనియజిడ్‌తోనూ తిమ్మిర్లు వస్తాయి, అందుకే బి6 మాత్ర తోడిస్తారు. ఆ చిన్న మాత్రను మానేయకండి. కొలెస్ట్రాల్‌కు ఇచ్చే అటోర్వాస్టాటిన్‌తో కొందరికి కండరాలు నొప్పిపెడతాయి. నొప్పితోపాటు మూత్రం ముదురు రంగులో వస్తే వెంటనే చూపించాలి.

ఇప్పుడు నాకు చెప్పడం కష్టమైన విషయం. మన తల్లులు, అక్కలు పొద్దున్నే వీధుల్లోకి దిగుతారు. బండి తోస్తారు, గంపలెత్తుతారు, నడుము విరుగుతుంది. దారిలో వాళ్ళకు మరుగుదొడ్డి ఉండదు. అందుకని నీళ్ళు తాగరు. ఎండ ఎక్కుతుంది. నొప్పికి డైక్లోఫెనాకో, అసిక్లోఫెనాకో వేసుకుంటారు. వాళ్ళలో బీపీకి ఎనాలప్రిల్ లాంటి మందూ, నీరు తీసే మాత్రా వాడేవాళ్ళున్నారు. బీపీ మందు, నీటి మాత్ర, నొప్పి మాత్ర మూడూ కలిసి, ఒంట్లో నీళ్ళు లేనప్పుడు, కిడ్నీలను ఒక్కసారిగా దెబ్బతీస్తాయి. డాక్టర్లకు ఈ మూడింటి కలయిక బాగా తెలుసు. వీధి ఊడ్చే అక్కకు ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ దుష్ఫలితం మాత్రది మాత్రమేనా? మరుగుదొడ్డి లేకపోవడానిది కూడా. కాబట్టి ఆ అక్కతో "నొప్పి మాత్ర తగ్గించు, నీళ్ళు తాగు" అని చెప్పి చేతులు దులుపుకోలేం. పని చేసేచోట మరుగుదొడ్డి అడగడం కూడా మందుల భద్రతలో భాగమే.

పరగడుపు, ఉపవాసం, పొట్లం

చీటీ మీద "పరగడుపున" అని ఉంటుంది. డ్యూటీ కోసం తెల్లవారుజామున లేచే మనిషి అప్పుడే గ్లిమెపిరైడ్ మింగి బయలుదేరుతుంది. టిఫిను తినేసరికి తొమ్మిదో పదో అవుతుంది. మధ్యలో వీధిలో కూలబడితే చూసినవాళ్ళు తాగిందంటారు. ఆ మాత్ర మొదటి ముద్దకు కాస్త ముందుగానీ, ముద్దతోగానీ వేసుకోవాలి, లేచిన గంటకు కాదు. మీ డ్యూటీ వేళలు డాక్టరుకు చెప్పండి. వేళను బట్టి మందు మార్చవచ్చు.

ఉపవాస ప్రార్థనలకూ ఇదే వర్తిస్తుంది. చక్కెర మాత్ర వేసుకుని ఉపవాసం ఉండటం ప్రమాదం. మన ఇష్టానికి మాత్ర మానేసి ఉండటమూ ప్రమాదమే. పాస్టరు గార్లకు నా మనవి, ఉపవాస కూడిక ప్రకటించినప్పుడే "చక్కెర, ఫిట్స్, గుండె మందులు వాడేవారు డాక్టరును అడిగి నిర్ణయించుకోండి, తిన్నందుకు మీ ప్రార్థన తక్కువ కాదు" అని ఒక్క మాట చెప్పండి. మీరు చెబితే వింటారు.

కొన్ని మందులకు తిండితో పడదు. థైరాయిడ్ మాత్ర వట్టి నీళ్ళతో పరగడుపున వేసుకుని కనీసం అరగంట కాఫీ ముట్టకూడదు. ఐరన్, క్యాల్షియం మాత్రలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్ర కాఫీ, టీలతో వేసుకుంటే ఒంటికి పట్టదు. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్‌లను పాలతో, గ్యాస్ మందుతో మింగితే పని తగ్గుతుంది. మెట్రోనిడజోల్ వాడే రోజుల్లో మద్యం ముట్టకూడదు. వాంతులు, గుండె దడ రావచ్చని మందు కాగితంలోనే హెచ్చరిస్తారు.

నాటు మందులు కూడా మందులే. దగ్గుకు వాడే అతిమధురం ఎక్కువ రోజులు తీసుకుంటే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. నీటి మాత్ర వాడేవారికి అది రెండింతల నష్టం. సునాముఖి రోజూ తాగినా అంతే. డాక్టరు "ఏం వాడుతున్నారు?" అన్నప్పుడు కషాయం కూడా చెప్పండి.

పేర్ల మోసం ఇంకొకటి. డోలో, క్రోసిన్, కాల్పాల్ మూడు పేర్లు, మందు ఒక్కటే, పారాసిటమాల్. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్‌తోపాటు అదీ ఉంది. చాలా జలుబు మాత్రల్లోనూ ఉంది. జ్వరానికొకటి, నొప్పికొకటి, జలుబుకొకటి వేసుకుంటే ఒకే మందు మూడుసార్లు మింగినట్టు. పెద్దవాళ్ళకు రోజుకు నాలుగు గ్రాములు దాటితే కాలేయానికి ప్రమాదం. రోజూ తాగేవారికి అంతకంటే తక్కువతోనే ప్రమాదం.

ఇక కాగితం పొట్లం. "ఒళ్ళు నొప్పులకు నాలుగు మాత్రలు ఇవ్వండి" అంటే అట్టల్లోంచి కత్తిరించి, పేరు లేని మాత్రలు పొట్లం కట్టి ఇచ్చే దుకాణాలు ఇంకా ఉన్నాయి. అందులో స్టెరాయిడ్ ఉంటే నొప్పి మాయమవుతుంది, అందుకే మళ్ళీ అడుగుతాం. నెలలు గడిస్తే ముఖం ఉబ్బుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఒక్కసారిగా మానేస్తే మనిషి కుప్పకూలవచ్చు. పేరు లేని మాత్ర వల్ల ఏదైనా జరిగితే ఏ డాక్టరూ కనిపెట్టలేడు. పొట్లం పుచ్చుకోకండి. అట్ట ఇవ్వమనండి, పేరు, గడువు తేదీ ఉన్న ముక్కతో సహా.

అడగడం మన హక్కు

అడిగితే డాక్టరు కోప్పడతారేమో, దుకాణంలో విసుక్కుంటారేమో అని మనకు భయం. తరతరాలుగా నిలబెట్టి మాట్లాడించిన వాళ్ళం కదా, ప్రశ్న గొంతులోనే ఆగిపోతుంది. అందుకని రెండు సంగతులు గుర్తుంచుకోండి. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్ల ప్రకారం మందు ఇచ్చేటప్పుడు దాని వాడకం, దుష్ఫలితాలు, ఇతర మందులతో పడుతుందా లేదా రోగికి వివరించడం ఫార్మసిస్టు బాధ్యత. 2018లో జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో సమాచారం పొందడం ఒక హక్కు. కాబట్టి మీరు అడిగేది దయ కాదు.

అడగాల్సినవి నాలుగే. ఈ మందు పేరేమిటి, దేనికి? ఎప్పుడు, ఎన్నాళ్ళు వేసుకోవాలి? ఏ బాధ వస్తే వెంటనే రావాలి? నేను వాడుతున్న మిగతావాటితో పడుతుందా?

దుష్ఫలితం వస్తే ఫిర్యాదు చేయడానికీ చోటుంది. 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఘజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నుంచి నడుస్తోంది. డాక్టరే చెప్పాలని లేదు, రోగి కూడా చెప్పవచ్చు. ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024. రోగులు నింపే ఫారం తెలుగులోనూ తమిళంలోనూ ఉంది. ఇందాక చెప్పిన మెఫెనమిక్ యాసిడ్ హెచ్చరిక పుట్టింది ఇలా వచ్చిన నివేదికల్లోంచే. మనవాళ్ళ బాధ ఎవరూ రాయకపోతే, లెక్కల్లో మనకు బాధ లేనట్టే.

యౌవనస్తులకు నా పని

తమిళనాడులో 2021 ఆగస్టు నుంచి బీపీ, చక్కెర మందులు ఇంటి గడపకే తెచ్చి ఇచ్చే పథకం నడుస్తోంది. మంచి పని. మందు గడపకు వచ్చింది. మందు గురించిన మాట కూడా గడపకు రావాలి. అది తెచ్చేది మీరే.

ఇంటికెళ్ళి అవ్వ, తాత, అమ్మ, నాయన మందులన్నీ ఒక సంచిలో వేయండి. ఒక కాగితం మీద మూడు గళ్ళు గీయండి, మాత్ర పేరు, దేనికి, ఎప్పుడు మొదలైంది. పక్కన నాలుగో గడిలో, తర్వాత వచ్చిన కొత్త బాధ ఏమిటో వాళ్ళ మాటల్లోనే రాయండి. తెలుగు అక్షరాలు రాకపోతే తమిళ అక్షరాల్లోనే తెలుగు మాట రాయండి. "మైకం" అని రాసి ఊరుకోవద్దు, ఎప్పుడు వస్తుందో కూడా రాయండి. ఏ మందు పడలేదో పైన పెద్దగా రాయండి. ఈసారి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం, ఆ సంచి రెండూ తీసుకెళ్ళి, పక్కన మీరు నిలబడండి. నెలకొక ఆదివారం ఆరాధన తర్వాత ఒక గంట, సంఘంలోని నర్సో ఫార్మసిస్టో ఉంటే వాళ్ళను కూర్చోబెట్టి ఈ కాగితాలు చూపించండి. మందులు మార్చడం వాళ్ళ పని కాదు, డాక్టరును ఏమడగాలో చెప్పడం వాళ్ళ పని.

ఒక హెచ్చరికతో ముగిస్తాను. నా మాటలు విని రేపు పొద్దున్న ఎవరూ మాత్రలు చెత్తబుట్టలో వేయవద్దు. ఫిట్స్ మందులు, స్టెరాయిడ్లు, అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటి గుండె మందులు, నిద్ర మాత్రలు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. ఉన్న మందు మంచి చేస్తోందా, చెడు చేస్తోందా అని తేల్చాల్సింది డాక్టరుతో కూర్చునే. కానీ పెదవులు, ముఖం ఉబ్బినా, ఊపిరాడకపోయినా, చర్మం పొక్కులు లేచినా, నల్లటి విరోచనమైనా, కళ్ళు పచ్చబడినా తర్వాతి మాత్ర వేసుకోకుండా అట్టలు పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

మా అవ్వ తేరుకున్నాక ఒకరోజు నేను ఏడ్చాను, ఆ మాత్ర నేనే కదా తెచ్చిచ్చానని. ఆమె తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "నీకు చదువొచ్చు కదా పాపా, ఒక్క మాట అడిగి ఉంటే అయిపోయేది" అంది. ముప్పై ఏళ్ళుగా కిటికీ దగ్గరికొచ్చిన ప్రతి మనిషినీ "ఇంకేం వాడుతున్నారు?" అని అడుగుతూనే వచ్చాను. ఇప్పుడు మీకు చదువొచ్చింది. అడగండి.